మేగ్ జాగారం

సెప్టెంబరు 12, సోమవారం

ఇవాళ ఇల్లు చూడటానికి ఒకాయన వచ్చాడు. సినిమా డైరెక్టరట. పేరు రూవాన్, డబ్లిన్ మనిషి. గుమ్మంలోనే మాట్లాడి పంపేద్దామనుకున్నాను. ఇంతలో వాన అందుకుంది. లోపలికి రమ్మనక తప్పలేదు.

వంటింటి మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. పొయ్యి, దాని పక్కన అమ్మ కుర్చీ, గోడకి యేసు తిరుహృదయం పటం, పింగాణీ పళ్ళేల అలమర. "ఏదీ కదపలేదు కదా," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. కదపడానికి కారణం లేక కదపలేదు, అంతే.

సినిమా ఐరిష్‌లోనే తీస్తారు. ఒక ముసలావిడ చనిపోతుంది, ఊరంతా వచ్చి శవజాగారం చేస్తుంది, ఆ ఒక్క రాత్రే కథ. అందుకు మా ఇల్లు కావాలి, జాగారానికి వచ్చే జనంగా మా ఊరివాళ్ళే కావాలి. నిజమైన ముఖాలు కావాలన్నాడు. ఆయన ఐరిష్ బడిలో నేర్చుకున్నది. తప్పుల్లేకుండా, గాజు సామాను మోస్తున్నట్టు మాట్లాడతాడు. నేను టీవీవాళ్ళకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాస్తానని ఎవరో చెప్పారట. స్క్రిప్టులో మాటలు చూడమన్నాడు, తర్వాత సబ్‌టైటిల్స్ కూడా నన్నే రాయమన్నాడు.

వద్దనడానికి మాట దొరకలేదు. సరే అన్నాను.

ఆయన వెళ్ళాక నేల తుడిచాను. ఆ నేల మీద నావి కాని అడుగులు చూసి చాలా కాలమైంది.

సెప్టెంబరు 15, గురువారం

ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు. పని బాగా సాగింది. నాకు ఇలాగే బావుంది.

సెప్టెంబరు 18, ఆదివారం

పూజ అయ్యాక చర్చి బయట బార్‌బ్రా ఎదురైంది. తల ఊపింది. నేనూ ఊపాను. వాన గురించి ఏదో అంది. తర్వాత తన చేతిసంచీలో ఏదో వెతకడం మొదలుపెట్టింది. ఆ సంచీలో ఏమీ ఉండదని నాకు తెలుసు, జపమాల తప్ప.

అమ్మ ఉన్నప్పుడు బార్‌బ్రా రోజూ సాయంత్రం మా ఇంట్లోనే ఉండేది. తలుపు తోసుకుని వచ్చి, కోటు విప్పకుండానే పొయ్యి దగ్గర కూర్చుని, ఎవరి ఆవు ఎవరి చేలో పడిందో చెప్పేది. నేను పుస్తకం పట్టుకుని మెట్ల మీద కూర్చుని వినేదాన్ని. "మేగ్, నీ కూతురు మాట్లాడదు గానీ అన్నీ రాసుకుంటుందే," అనేది. అమ్మ నవ్వేది.

దీని గురించి రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

అమ్మ పోయింది మొదటి లాక్‌డౌన్ ఏప్రిల్‌లో, గాల్వే ఆసుపత్రిలో. శవపెట్టె మూసి ఇచ్చారు. ఇంటికి తీసుకురాకూడదు. జాగారం చేయకూడదు. సమాధి దగ్గర పదిమందికి మించి ఉండకూడదు. నేను కారులో వెనక కూర్చున్నాను. ఊరి మలుపు తిరగ్గానే చూశాను, రోడ్డుకి రెండు వైపులా, ఎవరి గేటు దగ్గర వాళ్ళు, దూరదూరంగా నిలబడి ఉన్నారు. మగవాళ్ళు టోపీలు తీసి పట్టుకున్నారు. ఫెస్టీ ఎనభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ మీద ఉన్నాడు, తడి గడ్డిలో. కారు ఆగలేదు. అద్దంలోంచి చూస్తూ వెళ్ళిపోయాను.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. మొదట రాకూడదు కనక రాలేదు. నిబంధనలు పోయాక కూడా రాలేదు. రోడ్డు మీద కనిపిస్తే తల ఊపుతారు.

ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏముంది. అమ్మ కోసం వచ్చేవాళ్ళు. అమ్మ లేదు. నేను మాటకారిని కాను.

సెప్టెంబరు 26, సోమవారం

స్క్రిప్టు చదువుతున్నాను. తప్పుల్లేవు, కానీ ఎవరూ అలా మాట్లాడరు. జాగారానికి వచ్చినవాళ్ళు చనిపోయినావిడ కూతురి చెయ్యి పట్టుకుని, "మీకు కలిగిన ఈ తీరని లోటుకి నా ప్రగాఢమైన..." అని మొదలుపెడతారు. దాన్ని కొట్టేసి, "నీకిలా జరగాల్సింది కాదు" అని రాశాను. మా ఊళ్ళో అంతే అంటారు. అంతకుమించి ఎవరికీ నోరు రాదు.

రూవాన్ ఫోన్ చేశాడు. ఆ రాత్రంతా కూతురు ఏం చేస్తుంటుందని అడిగాడు. ఏమీ చేయదు, కూర్చుంటుంది, అందరూ ఆమె దగ్గరికే వస్తారు అని చెప్పాను. అమ్మతో చాలా జాగారాలకి వెళ్ళాను. అంతా తెలుసు నాకు.

కొట్లో కాగితం అంటించారు. 'సినిమాలో జాగారం సన్నివేశానికి ఊరివాళ్ళు కావాలి. చోటు: మేగ్ ఇల్లు.' ఇప్పటికీ దాన్ని మేగ్ ఇల్లనే అంటారు. కొట్లో నేను ఉండగానే ఇద్దరు ఆ కాగితం దగ్గర ఆగారు. నన్ను చూసి మాట్లాడటం ఆపేశారు.

ఎవరూ పేరు ఇవ్వరు. నా ఇంట్లో అని తెలిశాక ఎందుకు ఇస్తారు.

అక్టోబరు 3, సోమవారం

అందరూ ఇచ్చారు.

ఊరి హాల్లో సమావేశం పెట్టారట. నేను వెళ్ళలేదు. రూవాన్ పొంగిపోతూ ఫోన్‌లో చెప్పాడు. అడిగినదానికంటే ఎక్కువమందే వచ్చారట. మా ఊరివాళ్ళకి కళంటే ఇంత ప్రేమ ఉంటుందనుకోలేదట. బార్‌బ్రా వచ్చింది. ఫెస్టీ కూడా. ఫెస్టీ ఫోటో తీయించుకోవడం నేనెన్నడూ చూడలేదు. అలాంటి మనిషి సినిమాలో నిలబడతాడట.

బడిలో సిస్టర్ బెనిగ్నా మమ్మల్ని రోజూ పడుకునే ముందు ఆ రోజుని తిరగేసి చూసుకోమనేది, ఎవరి మీద చెడుగా అనుకున్నామో వెతకమనేది. ఇవాళ వెతకక్కర్లేదు. ఇదిగో: సినిమా అంటే అందరూ వస్తారు. లేని శవం చుట్టూ కూర్చోవడానికి వస్తారు. అమ్మ కోసం రానివాళ్ళు.

రాశాక మనసు తేలికపడుతుందనేది. పడలేదు.

అక్టోబరు 10, సోమవారం

ఇంటినిండా మనుషులు. తీగలు, దీపాలు, ఇనప స్టాండ్లు. నేను మేడమీద గదిలో ఉంటున్నాను. ఆర్ట్ డైరెక్టర్ ఏదైనా జరిపేముందు నన్ను అడుగుతాడు. మంచివాడు. అద్దాలకి గుడ్డలు కప్పాడు, గోడ గడియారం ఆపాడు. జాగారం ఇంట్లో అలాగే చేస్తారు. మా గడియారం ఆగడం చూసి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

కూతురి వేషం వేస్తున్న అమ్మాయి పేరు లియడన్. నా వయసే. పొయ్యి దగ్గర నిలబడి, "మీ అమ్మగారి జాగారంలో మీరు ఎక్కడ కూర్చున్నారు?" అని మెల్లగా అడిగింది.

"అక్కడ," అని కిటికీ పక్క కుర్చీ చూపించాను.

ఆ అమ్మాయి వెళ్ళి దానిలో కూర్చుంది. ఎలా కూర్చున్నారు, చేతులు ఎలా పెట్టుకున్నారు అని అడిగింది. చూపించాను. చక్కగా పట్టేసింది.

ఎందుకలా చెప్పానో తెలియదు. అడిగిన వెంటనే నోటికి వచ్చింది, నిజంగానే కూర్చున్నట్టు.

అక్టోబరు 12, బుధవారం

పెట్టె వచ్చింది. వంటింట్లో రెండు కుర్చీల మీద పెట్టి వెళ్ళారు. ఖాళీది.

నేను కిందకి వెళ్ళలేదు.

అక్టోబరు 13, గురువారం

అన్నీ వరసగా రాయాలి. రేపటికి వేరేగా గుర్తుంటుంది.

కిటికీలకి బయటి నుంచి నల్లగుడ్డలు కట్టారు. బయట ఎండ, లోపల రాత్రి. నా చోటు కెమెరాకి వెనక, అలమర పక్కన. చేతిలో స్క్రిప్టు. మాట తప్పితే అందించాలి.

ఊరివాళ్ళకోసం వ్యాను పంపుతామన్నారు. ఎక్కలేదు. నడిచే వచ్చారు. తలుపు సందులోంచి చూశాను, రోడ్డు పొడుగునా నల్లకోట్లు. దుస్తుల అమ్మాయి పెట్టెలనిండా పాత బట్టలు తెచ్చింది. ఒక్కరూ ముట్టుకోలేదు. తమ మంచిబట్టల్లోనే వచ్చారు. బయట భోజనాల బండి ఉన్నా ఒక్కొక్కరి చేతిలో ఏదో ఒకటి ఉంది. రొట్టె, ఉడికించిన మాంసం, ఆపిల్ కేకు. ఆర్ట్ డైరెక్టర్ బల్ల మీద సర్దినవన్నీ బార్‌బ్రా నిశ్శబ్దంగా కిందకి దించి వీటిని పెట్టింది. ఆయన నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను.

పెట్టెలో డబ్లిన్ నటి ఒకావిడ పడుకుని ఉంది, డెబ్బై దాటి ఉంటుంది. బార్‌బ్రా వంగి చూసింది. "దీపాలు సర్దేదాకా లేచి కూర్చో తల్లీ, నడుం పట్టేస్తుంది," అంది. శవం కళ్ళు తెరిచి, టీ ఉందా అని అడిగింది. ఆవిడకి ఇచ్చారు. పెట్టెలోనే కూర్చుని తాగింది. అందరూ నవ్వారు. మా వంటింట్లో అందరూ నవ్వడం.

మొదటి షాట్ ఏమిటంటే ఒక్కొక్కరే వీధి తలుపులోంచి రావాలి. కుర్చీలో ఉన్న లియడన్ చెయ్యి పట్టుకుని ఆ మాట అనాలి. పెట్టె దగ్గర ఒక్క నిమిషం నిలబడి, పెరటి తలుపులోంచి వెళ్ళిపోవాలి. రూవాన్ రెండుసార్లు చెప్పాడు. అందరూ తలూపారు.

ముందు ఫెస్టీ వచ్చాడు. లియడన్‌కి చెయ్యి ఇచ్చాడు, మర్యాదగా, కొత్తవాళ్ళకి ఇచ్చినట్టు. ఏమీ అనలేదు. పెట్టె వైపు వెళ్ళలేదు. తిరిగి, కెమెరా పక్కనుంచి, నేల మీద తీగలు దాటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

ఆయనకి తికమక అయిందనుకున్నాను. "అటు కాదు ఫెస్టీ. ఆ అమ్మాయి దగ్గరే ఆ మాట చెప్పాలి," అన్నాను గుసగుసగా.

"ఆ పిల్ల ఎవరో నాకు తెలీదు," అన్నాడు. నా చేతిలో స్క్రిప్టు తీసి అలమర మీద పెట్టాడు. నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "నీకిలా జరగాల్సింది కాదు, ఐవ్లీన్."

రూవాన్ "కట్" అన్నాడు. మళ్ళీ వివరించాడు. ఓపికగానే చెప్పాడు. వాళ్ళూ ఓపికగానే విన్నారు. రెండో టేక్‌లో బార్‌బ్రా ముందు వచ్చింది. లియడన్‌కి చెయ్యి ఇచ్చింది. నా దగ్గరికి వచ్చింది. ఆవిడ వెనక ఇంకొకరు. వాళ్ళ వెనక ఇంకొకరు. వరస మొత్తం కుర్చీ దగ్గర ఒక్క క్షణం ఆగి, అలమర వైపుకి తిరిగి వస్తోంది.

ఈసారి రూవాన్ కట్ అనలేదు. ఏం చేస్తున్నాడో నేను చూడలేదు, అసలు ఎటూ చూడలేదు. లియడన్ కుర్చీలోంచి లేచి గోడకి ఆనుకుని నిలబడిందని తర్వాత చెప్పింది.

ఒక్కొక్కరు ఆ మాట అన్నారు. తర్వాత అమ్మ గురించి ఇంకొక మాట అన్నారు. ప్రతివాళ్ళ దగ్గరా ఒకటి ఉంది. ఇంతకాలం దాచి ఉంచినట్టు. అవి ఇక్కడ కూడా రాయను.

అందరూ అయ్యాక ఫెస్టీ జపమాల తీసి మొదలుపెట్టాడు. స్క్రిప్టులో అది లేదు. కుర్రాడెవరో వచ్చి రీలు అయిపోయిందో, కార్డు నిండిందో, ఆగమని చెప్పాడు. మొదలైన జపం మధ్యలో ఆగదు. పదీ పూర్తయ్యాక మళ్ళీ పది. దీపాల వాళ్ళలో ఒకతను కూడా మోకరించడం చూశాను.

ఆఖరి షాట్ పెట్టెని బయటికి మోసుకెళ్ళడం. నటి దిగిపోయింది. ఖాళీ పెట్టె. మోయాల్సినవాళ్ళు దాని చుట్టూ నిలబడ్డారు, ఎత్తలేదు. ఖాళీ పెట్టె ఇంట్లోంచి బయటికి తీసుకెళ్తే ఇంకో ప్రాణాన్ని నింపుకోవడానికి చూస్తుందంటారు. ఫెస్టీ పెరట్లోకి వెళ్ళి పొయ్యిలో కాల్చే ఎండిన బురదమట్టి, టర్ఫ్ గడ్డలు ఒక చేతిలో పట్టినన్ని తెచ్చి పెట్టెలో పేర్చాడు. మిగతావాళ్ళూ తెచ్చారు. ఎవరో ఇక చాలన్నారు.

"ఇంకొన్ని వెయ్యండి," అంది బార్‌బ్రా. "మేగ్ అంత సన్నం కాదు."

ఎవరూ నవ్వలేదు. వేశారు.

ఎత్తారు. మోస్తున్న వాళ్ళు గుమ్మం దాటగానే, పెట్టె ఉన్న రెండు కుర్చీలనీ బార్‌బ్రా బోర్లా తోసేసింది. మనిషి వెళ్ళిపోయాక ఆ కుర్చీలు అలా నిలబడి ఉండకూడదు. రూవాన్‌కి అది తెలియదు. అయినా కట్ అనలేదు.

నేను పెట్టె వెనకే రోడ్డు దాకా నడిచాను. నడవాలని ఎవరూ చెప్పలేదు. ఈసారి వాళ్ళు నా పక్కనే ఉన్నారు.

అక్టోబరు 14, శుక్రవారం

పొద్దున రూవాన్ ఒక్కడే వచ్చాడు. కూర్చోలేదు.

నిన్న రెండో టేక్‌లో కెమెరా నా వైపు తిప్పించాడట. అంతా ఉందట. నా ముఖం, వాళ్ళ చేతులు, జపం, టర్ఫ్ గడ్డలు. తను ఇంతవరకూ తీసినదానిలో అదొక్కటే సినిమా అన్నాడు. మిగతాదంతా దాని చుట్టూ కొత్తగా రాసుకుంటాడట. నేను ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే చెరిపేస్తాడట. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అబద్ధం చెప్పడం లేదు.

నేను వద్దన్నాను. ఈసారి మాట దొరికింది. మా వాళ్ళు నటించడానికి రాలేదు, వాళ్ళని నువ్వు దొంగచాటుగా తీశావు అన్నాను. గొంతు పైకి లేచింది. ఆయన తలవంచుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత కోటు వేసుకుని బార్‌బ్రా ఇంటికి వెళ్ళాను. వాళ్ళని తీశాడని వాళ్ళకి చెప్పాలి కదా. దారిలో రెండుసార్లు వెనక్కి తిరుగుదామనుకున్నాను. వాళ్ళింట్లో ఫెస్టీ కూడా ఉన్నాడు, బంగాళాదుంపలు తింటున్నాడు. నిలబడే చెప్పాను.

బార్‌బ్రా నా మొహం చూసింది. "కెమెరా ఉన్నట్టు మాకు తెలీదనుకున్నావా? ఆవంత ఉంది అది. నా కాలు తగిలింది దానికి."

"మరి నా దగ్గరికి ఎందుకు వచ్చారు?"

"జాగారానికి," అంది.

ఫెస్టీ పళ్ళెం పక్కకి జరిపాడు. "హాల్లోనే అనుకున్నాం. మేగ్ ఇంట్లో జాగారం అని కొట్లో కాగితం పెట్టారుగా. అది సినిమావాళ్ళు పెడితే ఏం, ఎవరు పెడితే ఏం."

నేను అప్పుడు అడగకూడనిది అడిగాను. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని. గట్టిగా అడగలేదు. బల్ల అంచు చూస్తూ అడిగాను.

బార్‌బ్రా, "ఏ ముఖం పెట్టుకుని వస్తాం?" అంది. "నలభై ఏళ్ళు ఆ పొయ్యి దగ్గర కూర్చున్నాను. మేగ్ పోతే పక్కన కూర్చోలేదు. కాళ్ళు కడగలేదు. కొవ్వొత్తి పెట్టలేదు. జాగారానికి రాని ఇంటికి టీ తాగడానికి ఎలా వస్తాను? ఒక వారం దాటింది. నెల దాటింది. ఎంత దాటితే అంత కష్టం అయింది. నీ కిటికీలో దీపం మా ఇంట్లోంచి కనబడుతుంది. చూసేదాన్ని. తల తిప్పుకునేదాన్ని."

"మీకు నా మీదే ఏదో కోపమని నేను..."

"నీ మీదా? నువ్వేం చేశావే? చిన్నపిల్లవి." ముక్కు తుడుచుకుంది. "ఒక్కదానివి కూర్చుని అది కూడా ఆలోచించావా? పుస్తకాలు చదివితే ఇంతే."

తర్వాత ఇంకొకటి చెప్పింది, దాన్ని ఇంకా ఆలోచిస్తున్నాను. నీ ముఖం నీది, ఇస్తావో మానుతావో నీ ఇష్టం, మా ముఖాలు మాత్రం తీసేయొద్దని చెప్పు అంది. మేగ్ జాగారంలో మేం లేమని ఎవరూ అనకూడదు. ఉన్నామని ఎక్కడో ఒకచోట ఉండాలి.

నేను చెరిపేయమన్నది అదే.

అక్టోబరు 15, శనివారం

రూవాన్‌కి ఫోన్ చేశాను. ఉంచమన్నాను. నా ముఖం వద్దు, చేతులు చాలు అన్నాను. వాళ్ళందరి ముఖాలూ ఉండాలి, ఒక్కటీ కోయకూడదు అన్నాను. కాగితం మీద రాసిస్తానన్నాడు. మాట చాలన్నాను.

నవంబరు 8, మంగళవారం

సినిమావాళ్ళు వెళ్ళిపోయి చాలా రోజులైంది. గడియారం మళ్ళీ నడుస్తోంది.

రోజూ సాయంత్రం ఎవరో ఒకరు వస్తారనుకున్నాను. పొయ్యి రగిలించి, రెండు కప్పులు బయటపెట్టి కూర్చుంటున్నాను. మొదటి వారం బార్‌బ్రా రెండుసార్లు వచ్చింది. కోటు విప్పి కూర్చుంది, పరాయి ఇంట్లో లాగ. ఫెస్టీకి దగ్గు. వాన ఆగడం లేదు. వాళ్ళు పెద్దవాళ్ళయిపోయారు. నాకూ మాటలు రావు. బార్‌బ్రా ఏదో చెబుతుంది, నేను ఊఁ అంటాను, అంతటితో ఆగిపోతుంది. అమ్మ అయితే అక్కడినుంచి ఇంకో కథ అందుకునేది.

అయినా ఇది ఇదివరకటిలా కాదు. ఇప్పుడు ఎవరూ రాకపోతే వాన వల్ల రారు.

నవంబరు 20, ఆదివారం

వాన. ఎవరూ రాలేదు. నాకు ఇలాగే బావుందని రాయబోయి ఆపాను.

ఫిబ్రవరి 9, గురువారం

సినిమా మొత్తం వచ్చింది, సబ్‌టైటిల్స్ కోసం. నెల గడువు.

మొదటి భాగం తొందరగానే అయింది. ఎంత మాటైనా రెండు వరసల్లో పట్టాలి. చూసేవాడు కళ్ళు కిందకి దించి చదివి మళ్ళీ పైకెత్తేలోగా అయిపోవాలి. కొంత పోతుంది. ఎప్పుడూ పోతుంది. ఎవరి మాటలో ఎంత పోనివ్వాలో నిర్ణయించడమే నా పని. ఇంతకాలం దాని గురించి బాధపడలేదు.

జాగారం వచ్చింది. నా చేతులు ఉన్నాయి. ముఖం లేదు, మాట నిలబెట్టుకున్నాడు. ఫెస్టీ ముఖం తెరనిండా ఉంది. ఆ వెనక బార్‌బ్రా. ఆ వెనక అందరూ. ఒక్కొక్కరు ఆ రెండో మాట చెబుతున్నారు. స్పష్టంగా వినబడుతోంది. నా మనసులో ఇంగ్లీషు దానంతటదే తయారవుతోంది, అలవాటు కదా. బాగానే వస్తోంది కూడా.

అక్కడ ఆపేసి నడవడానికి వెళ్ళాను.

ఫిబ్రవరి 27, సోమవారం

పంపించాను. రూవాన్ గంటలోపే ఫోన్ చేశాడు. జాగారం దగ్గర సబ్‌టైటిల్స్ పడటంలేదు, ఫైలు తెగిందేమో చూడమన్నాడు.

"తెగలేదు. అక్కడ రాయలేదు," అన్నాను.

"డబ్లిన్‌లో కూర్చున్నవాళ్ళకి ఏం అర్థమవుతుంది ఐవ్లీన్?"

"వచ్చారని అర్థమవుతుంది."

ఆయన వాదించడానికి ఊపిరి పీల్చుకోవడం వినబడింది. నిధులు ఇచ్చినవాళ్ళు ఒప్పుకోరన్నాడు. సినిమా పండగల్లో వేసేటప్పుడు ఇబ్బంది అన్నాడు. నేను మాట్లాడలేదు. అది నాకు బాగా వచ్చిన విద్య. మా ఊరివాళ్ళకి మాత్రం అర్థమవుతుంది కదా, వాళ్ళకి చాలు అని ఆయనే అన్నాడు చివరికి, తనకి తను చెప్పుకుంటున్నట్టు. రేపు చెబుతానని పెట్టేశాడు.

ఫిబ్రవరి 28, మంగళవారం

అలాగే ఉంచుతున్నాడు.

మార్చి 16, గురువారం

కళ్ళజోడు మార్చుకోవడానికి గాల్వే వెళ్ళాను. రోజంతా పట్టింది. తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీ, కిటికీలో నా కొత్త ముఖం. ఇంటికొచ్చేసరికి పొయ్యిలో నిప్పు ఉంది. నేను పొద్దున ఆర్పి వెళ్ళాను.

అమ్మ కుర్చీ పొయ్యికి దగ్గరగా జరిపి ఉంది. బల్ల మీద ఒక కప్పు, అడుగున టీ ఆకు. పక్కన రొట్టె ముక్కలు. వచ్చిన మనిషి నేను లేనని చూసి, తనే కాచుకుని, తాగి, వెళ్ళిపోయినట్టుంది. చీటీ ఏమీ పెట్టలేదు. కప్పు కడగలేదు.

నేనూ ఇవాళ కడగను.